‘ఆగస్టులో తిమింగలాలు రావండీ’: శ్రీలంక ట్రిప్పు వేసిచ్చినవాళ్ల గురించి

మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడి. కోర్టు రోడ్డు పక్క సందులో నా జిరాక్సు షాపు. జనానికి ఆన్‌లైన్ దరఖాస్తులు నింపిపెట్టడం నా పని కాబట్టి, డబ్బు ముందు కట్టించుకుని తర్వాత ఫోనెత్తని ఆఫీసులంటే ఏమిటో నాకు బాగా తెలుసు. అందుకే పోయిన ఆగస్టులో శ్రీలంక వెళ్లాలనుకున్నప్పుడు, మా అమ్మాయి కొలంబోలో ట్రిప్పులు వేసిచ్చే ఒక చిన్న ఆఫీసు ఉందని చెబితే ముందు నమ్మలేదు. వెళ్లొచ్చాక రాస్తున్నాను. ఆఫీసు పేరు మాత్రం రాయను. నాలుగు చోట్ల మెచ్చుకుంటాను గానీ రెండు చోట్ల తిడతాను, ఆ తిట్లు పేరుకి అతుక్కుని ఉండిపోవడం నాకిష్టం లేదు.

నలుగురం వెళ్లాం. నేను, మా ఆయన, డెబ్భై ఒకటి నిండిన అత్తయ్య, భువనేశ్వర్‌లో ఉద్యోగం చేసే మా అమ్మాయి. ఎనిమిది రాత్రులు. విమానం కాకుండా కారు, డ్రైవరు, హోటళ్లు, జీపులు, టికెట్లు అన్నీ కలిపి నలుగురికి రూ. 2,80,000 అయింది. పలాసలో మెయిలెక్కి చెన్నై, అక్కణ్ణుంచి గంటంబావులో కొలంబో. వాచీలో ముల్లు కూడా కదపక్కర్లేదు, వాళ్ల టైమూ మన టైమూ ఒకటే.

మొదట్లోనే తగాదా వచ్చింది. మా ఆయన ఫారెస్టరుగా చేసి రిటైరయ్యారు. మా జిల్లాలోని లఖారీ లోయ ఏనుగులతో ఆయనకి పాతికేళ్ల పరిచయం. పరిచయం అంటే వాటిని తరమడమే. 2007 ప్రాంతంలో ఓ గుంపు శ్రీకాకుళం వైపు దిగిపోయినప్పుడు ఎన్ని రాత్రులు ఇంటికి రాలేదో నాకు గుర్తే. ‘ఉద్యోగం ఉన్నన్నాళ్లూ జీతం తీసుకుని ఏనుగుల్ని తరిమాను, ఇప్పుడు డబ్బులిచ్చి చూడాలా?’ అని మొదలెట్టారు. ఆయనకి తిమింగలం కావాలి. ‘నీలి తిమింగలం. ప్రపంచంలో అంతకన్నా పెద్ద జంతువు లేదు. అది చూపించమను.’

అమ్మాయి అదే రాసింది. కొలంబో ఆఫీసావిడ నుంచి ఆ సాయంత్రమే జవాబు. ఆగస్టులో దక్షిణ తీరాన మిరిస్సా వైపు నైరుతి గాలికి సముద్రం పొంగుతూ ఉంటుందట. అక్కడ తిమింగలాలు కనబడే కాలం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. ఇప్పుడు పడవ ఎక్కిస్తే వాంతులు తప్ప ఏమీ చూపించలేనని, డబ్బు తీసుకోవడం తనకిష్టం లేదని రాసింది. దాని కిందే, ‘ఆగస్టులో వస్తున్నారు కాబట్టి రెండు ఉన్నాయి. మిన్నేరియా చెరువు దగ్గర ఏనుగులు చేరతాయి. క్యాండీలో పెరహర, అంటే ఏనుగుల ఊరేగింపు, జరుగుతుంది. ఈ రెండింటి చుట్టూ వేస్తాను’ అని.

నా షాపుకొచ్చేవాళ్లు ‘అమ్మా, ఈ స్కీము నాకొస్తుందా’ అని అడిగితే, రాదని తెలిసీ ‘అప్లై చేద్దాం, చూద్దాం’ అంటే నాకో యాభై రూపాయలు మిగులుతాయి. రాదు అని చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. కాబట్టి ఆవిడ మీద నాకు ఆ రోజే గురి కుదిరింది.

కుదిరిన వారంలోనే ఒక చిన్న గీత పడింది. ఖర్చుల చిట్టా పంపినప్పుడు సిగిరియాకి, మిగతా పాత రాజధానులకి టికెట్లు విదేశీయుల పూర్తి రేటుకి వేసింది. మనలాంటి సార్క్ దేశాలవాళ్లకి అక్కడ దాదాపు సగమే. పాస్‌పోర్టు చూపిస్తే చాలు. అమ్మాయి పట్టుకుని అడిగితే ‘క్షమించండి, యూరప్ వాళ్లకి వేసే లెక్క అలాగే పంపేశాను’ అని తగ్గించింది. అబద్ధం చెబుతోందని నేననను. కానీ చూసుకోకపోతే ఆ డబ్బు పోయేదే. మీరూ చూసుకోండి.

సిగిరియా గురించి ఎక్కువ చెప్పను. అయిదో శతాబ్దంలో తండ్రిని చంపిన కశ్యపుడు కొండ నెత్తిన కోట కట్టుకున్న చోటు. పన్నెండు వందల మెట్లు దాకా ఉంటాయి. అత్తయ్య కిందనించి ఒక చూపు చూసి, ‘ఒలమ్మా, అయ్యని సంపినోడు ఎక్కి దాక్కున్న కొండ నానెందుకెక్కాల?’ అని చెట్టు కింద కూర్చుండిపోయింది. డ్రైవరు ఆవిడ పక్కనే కూర్చుని కొబ్బరి బొండం కొట్టించి ఇచ్చాడు. ఇది ప్లానులో లేని సేవ, మార్కులు వేస్తున్నాను.

మధ్యాహ్నం మూడింటికి జీపు. ఇక్కడ వాళ్లు చేసిన మంచి పని ఒకటుంది. మిన్నేరియా అని ముందే రాసిచ్చి కూర్చోలేదు. పక్కపక్కనే కౌడుల్లా, హురులు అని ఇంకో రెండు అడవులున్నాయి. ఏనుగులు ఆ రోజు ఎటున్నాయో పొద్దున్నే జీపువాళ్లని అడిగి, అటే పంపుతారు. చెరువులో నీళ్లు తగ్గి లేత గడ్డి మొలిస్తేనే ఏనుగులు దిగుతాయి. ఈ మధ్య ఎగువన మొరగహకంద జలాశయం నుంచి ఎండాకాలంలో కూడా నీళ్లొదులుతుండటంతో మిన్నేరియా గడ్డి మునిగిపోయిన ఏళ్లూ ఉన్నాయని జీపబ్బాయి చెప్పాడు. మా అదృష్టం, మేం వెళ్లిన రోజు గడ్డి బయటే ఉంది.

ఆ చెరువు మూడో శతాబ్దంలో మహాసేనుడనే రాజు తవ్వించింది. తవ్వించినందుకు ఆయన్ని అక్కడ దేవుణ్ణి చేసేశారు, మిన్నేరి దేవుడని కొలుస్తారు. చెరువు తవ్వించినవాణ్ణి దేవుడంటే నాకు అభ్యంతరమేమీ లేదు.

గట్టు దాటి కిందికి దిగేసరికి పచ్చిక మీద నల్లగా మచ్చలు. దగ్గరికెళ్లేకొద్దీ మచ్చలకి కాళ్లొచ్చాయి. నేను ఎనభై దాకా లెక్కపెట్టి వదిలేశాను. మా ఆయన లెక్కపెట్టలేదు. బైనాక్యులర్ కూడా తీయలేదు. ఒక ఆడ ఏనుగు ముందుకాలితో గడ్డిని గోకి, తొండంతో చుట్టి పీకి, వేళ్లకున్న మట్టిని మోకాలికేసి దులిపి, అప్పుడు నోట్లో పెట్టుకుంటోంది. దాని కడుపు కింద ఉన్న గున్న కూడా అలాగే దులుపుతోంది. దానికి గడ్డి దొరకలేదు, వట్టి తొండమే దులుపుకుంటోంది. మా ఆయన ఆ గున్ననే చూస్తూ, ‘ఇన్నేళ్లలో ఏనుగు తింటుంటే చూడటం ఇదే’ అన్నారు. ‘నేను వెళ్లేసరికి ఎప్పుడూ తినేసి ఉండేవి. చేను తొక్కేసి ఉండేది.’

ఇంకోటి కూడా ఆయనే కనిపెట్టారు. అంత మందలో దంతాలున్నది ఒక్కటీ లేదు. మన దగ్గర మగవాటికి చాలావరకు దంతాలుంటాయి. శ్రీలంకలో మగవాటిలో కూడా నూటికి పదికంటే తక్కువే దంతాలున్నవి. ‘దంతాల్లేకపోతే వేటగాళ్ల బెడదా తక్కువే’ అన్నారు. జీపబ్బాయి ఆయనెవరో అప్పుడు అడిగాడు. ఫారెస్టరని తెలిశాక మమ్మల్ని అయిదున్నరకి తిప్పాల్సినవాడు చీకటి పడేదాకా అక్కడే ఉంచాడు.

ఇంత బాగా వేసినవాళ్లు, ‘సంస్కృతి’ అనే మాట వచ్చేసరికి చేతులెత్తేశారు. ప్లానులో మూడో రోజు ఇలా ఉంది: ‘అహికుంటికల పల్లె. పాములాట. 30 నిమిషాలు.’ అహికుంటికలంటే అక్కడి సంచారజాతివాళ్లు. పాములాడించడం, కోతులాడించడం, చెయ్యి చూసి జాతకం చెప్పడం వాళ్ల కులవృత్తి. వాళ్లు మాట్లాడేది తెలుగు. ఈ సంగతి నాకు ముందే తెలుసు, నిజం చెప్పాలంటే నేను శ్రీలంక ఒప్పుకుందే అందుకు. మాకు పాములాట వద్దు, ఇంట్లో కూర్చుని మాట్లాడటానికి పంపమని రాశాం. కొలంబో ఆవిడకి అర్థం కాలేదు. ‘పాము లేకుండా ఏం చూస్తారు?’ అని అడిగింది. మేం తెలుగువాళ్లమని చెప్పాక అరగంట జవాబు లేదు. తర్వాత, ‘నాకీ ఆలోచన రాలేదు. ఆ పూటంతా మీకే వదిలేస్తున్నాను. వాళ్ల పెద్దకి కబురు పెడతాను’ అని రాసింది.

తంబుత్తేగమ దగ్గర కుడాగమ అనే ఊరు. ఇళ్లు మన ఇళ్లలాంటివే, ముందు అరుగు, వెనక అరటి. చేతిమీద పచ్చబొట్టున్న ఒక ముసలావిడ చాప పరిచింది. ఆవిడ తెలుగు, నా తెలుగు ఒకదాన్నొకటి పట్టుకోవడానికి కాసేపు పట్టింది. ఆవిడ వాక్యాల్లో సింహళం మాటలు, నా వాక్యాల్లో ఒడియా మాటలు. మాటకి ముందు ‘హఉ’ (ఒడియాలో ‘సరే’) అంటానని నాకు ఆ రోజు దాకా తెలియదు. ఆవిడ ‘హఉ అంటే ఏంది?’ అని అడిగితే అమ్మాయి పగలబడి నవ్వింది. పాముని పామే అన్నారు, కోతిని కోతే అన్నారు, నీళ్లు నీళ్లే. ఆవిడ మనవడు మాత్రం ఏమడిగినా సింహళంలోనే జవాబిస్తున్నాడు. అత్తయ్య వాణ్ణి చూసి, ‘మన బాబుగాడూ గంతే గదే, ఒడియాలోనే పలుకుతాడు’ అంది. ముసలావిడకి ఆ ‘బాబుగాడు’ అన్నది అర్థమైంది. ఎవరి మనవడి మీద వాళ్లు చాడీలు చెప్పుకుంటూ కూర్చున్నారు.

మూలన వెదురుబుట్ట ఒకటి గుడ్డ కప్పి ఉంది. ఎవరూ తెరవలేదు, మేం అడగలేదు. మూడు గంటలున్నాం.

ఇక తిట్టు నంబరు ఒకటి. మర్నాడు క్యాండీ వెళ్లే దారిలో మాతలే దగ్గర కారు ఒక మసాలా తోటలోకి తిరిగింది. ప్లానులో లేదు. తెల్లకోటు వేసుకున్న ఒకాయన దాల్చినచెక్క చూపించి మోకాళ్ల నొప్పుల నూనె అమ్మబోయాడు, సీసా ధర విని అత్తయ్య మోకాళ్లు వెంటనే బాగుపడ్డాయి. అక్కణ్ణుంచి రాళ్ల దుకాణం. నీలాలు, కెంపులు, ఏసీ గది, ఉచితంగా టీ. డ్రైవరు ముఖం పక్కకి పెట్టుకున్నాడు. కమీషన్ సంగతి మాకు తెలుసని అతనికీ తెలుసు. ఫోన్ చేసి చెబితే ఆవిడ ‘వద్దంటే ఆపరు, మీరు ముందే చెప్పాల్సింది’ అంది. ఇదెక్కడి న్యాయం? తిమింగలం దగ్గర అంత నిక్కచ్చిగా ఉన్న మనిషి రాళ్ల దుకాణం దగ్గర ఎందుకు జారిపోయిందో! మీరు వెళితే దుకాణాలు వద్దని మొదటి ఉత్తరంలోనే రాయించుకోండి.

క్యాండీ. దంతధాతువు గుడి. ఇక్కడ మాకు ఇంటి తగాదా ఒకటుంది. బుద్ధుడి దంతం కళింగంలోని దంతపురం నుంచి నాలుగో శతాబ్దంలో ఇక్కడికి చేరింది. రాకుమారి హేమమాల దాన్ని జుట్టుముడిలో దాచుకుని, మొగుడు దంతకుమారుడితో కలిసి ఓడెక్కిందని కథ. ఆ దంతపురం మా దగ్గరిదే, శ్రీకాకుళం జిల్లాలో ఆమదాలవలస పక్కన ఉన్న పాత కోట అని మేమంటాం. కాదు, పూరీ అని ఒడియా వాళ్లంటారు. నా షాపులో ఈ వాదన జరిగితే ఆ పూట జిరాక్సులు ఆగిపోతాయి. గుడి లోపల ఈ కథంతా గోడల మీద వరసగా బొమ్మలు వేసి ఉంది. హేమమాల బొమ్మ ముందు అమ్మాయి తన జడ ముడేసుకుని ఫోటో దిగింది. మా గైడుకి కళింగం పేరు తెలుసు గానీ అది ఎక్కడుందో తెలియదు. ‘ఉత్తర భారతం’ అన్నాడు. ఆ పక్క ఊరినించే వచ్చామని చెబితే నమ్మలేదు.

క్యాండీని చివర్లో ఏలిన నలుగురు రాజులు మదురై నాయకుల చుట్టాలు, తెలుగు మూలాలున్నవాళ్లని కూడా అతను చెప్పలేదు. దంతం పేటికని ఊరేగింపులోకి తెచ్చిన కీర్తిశ్రీ రాజసింహుడు వాళ్లలోవాడే. ఆఖరివాడు శ్రీవిక్రమ రాజసింహుణ్ణి 1815లో ఇంగ్లీషువాళ్లు దింపేసి వేలూరుకి పంపేశారు, అక్కడే పోయాడు. ఊరి మధ్యనున్న చెరువు ఆయన తవ్వించిందే. ఇవన్నీ నేనే మావాళ్లకి చెప్పుకుంటూ తిరిగాను. తెలుగు వాళ్లు, కళింగం వాళ్లు వస్తున్నారంటే ఈ కథలు ప్లానులో ఉండొద్దూ?

పెరహరకి కుర్చీల టికెట్ విడిగా. ముందువరస అన్నారు, మూడో వరస ఇచ్చారు. ఇది తిట్టు నంబరు రెండు. ముందు కూర్చున్న ఒక పెద్దావిడ అత్తయ్యని చెయ్యి పట్టి తన పక్కకి లాక్కుంది కాబట్టి సరిపోయింది.

రాత్రి ఎనిమిదింటికి ముందు కొరడాలవాళ్లు వచ్చారు. కొరడా నేల మీద పేలితే గుండె అదిరింది. వెనక కాగడాలు. ఇనప బుట్టల్లో ఎండు కొబ్బరి కురిడీలు మండుతున్నాయి. వీధంతా మా వంటింట్లో కొబ్బరి మాడిన వాసన. ఆ కాగడాల రెండు వరసల మధ్య ఏనుగులు, నిలువెల్లా జరీ ముసుగులు, ముసుగుల మీద చిన్న చిన్న దీపాలు. మా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. వెనకవాళ్లు కూర్చోమని అరిచినా కూర్చోలేదు. కాగడా చూస్తే ఏనుగు పరిగెత్తాలి, ఆయనకి తెలిసిన లోకంలో అంతే. ఇక్కడ కాగడాలు పక్కనే నడుస్తుంటే ఏనుగులు డప్పుకి అడుగేస్తున్నాయి. తర్వాత ఆయన చూపు కిందికి దిగింది. ‘గొలుసులు చూడు’ అన్నారు. ముందుకాళ్లకి, వెనకకాళ్లకి. జరీ ముసుగు అంచు కింద ఇనప గొలుసు అడుగడుక్కీ మెరుస్తోంది. దంతపేటిక మోసే పెద్ద ఏనుగు కాళ్ల ముందు తెల్లగుడ్డ పరుస్తూ పోయారు, జనమంతా చేతులు జోడించారు. మేమూ జోడించాం. హోటలుకి నడిచొస్తూ ఆయన ఏమీ మాట్లాడలేదు, నేనూ అడగలేదు.

క్యాండీ నుంచి ఎల్లా దాకా రైలు. సామాను కారులో, మనుషులు రైల్లో పంపారు, మంచి ఆలోచన. టీ తోటలు బాగున్నాయి, అందరూ చెప్పిందే. రైలులో అత్తయ్యకి జరిగిందే చెబుతాను. ఆ రోజు శనివారం, ఆవిడ నీచు ముట్టదు. వెజిటేరియన్ అని చెప్పి కట్టించిన పొట్లంలో ఇడియాప్పం, ఎర్ర కొబ్బరి పచ్చడి. ఆవిడ ముద్ద నోటిదాకా తీసుకెళ్లి ఆపేసింది. ‘ఇందులో ఎండుచేప ఉంది.’ మేమెవరం నమ్మలేదు. చూస్తే నిజమే, కొబ్బరిలో ఎండుచేప పొడి కలుపుతారట, అక్కడ దాన్ని చేపగా లెక్కపెట్టరు. ఆఫీసు చెప్పాల్సిన మొదటి మాట ఇది.

కతరగామ అత్తయ్య కోరిక, సుబ్రహ్మణ్యస్వామి. బౌద్ధులూ మొక్కుతారు, మన వాళ్లూ మొక్కుతారు. పళ్లెం నిండా పళ్లు పట్టుకుని వరసలో నిలబడితే, మూతికి గుడ్డ కట్టుకున్న పూజారి అందుకున్నాడు. ఎదురుగా స్వామి బొమ్మ గీసిన తెర. ‘స్వామేడీ?’ అంది అత్తయ్య. తెర వెనకే, ఎవరికీ కనబడడు, అక్కడి పద్ధతి అంతే అని చెప్పాం. ‘అయితే నన్నాయన చూశాడా?’ అని అడిగి, చూశాడులే అని తనే చెప్పుకుంది.

చివరిది యాల. ఇక్కడే ఆఫీసు బాగా తప్పింది. చిరుతలకి పేరుపడ్డ చోటు, నిజమే. ఆ దీవిలో పులుల్లేవు కాబట్టి అడవికి చిరుతే రాజు. అందుకే అందరూ ఒకటో బ్లాకుకే వస్తారు. తెల్లారకముందే గేటు దగ్గర జీపుల బారు. ఏడింటికి ఎవరో ఫోన్ చేశారు, అంతే, అన్ని జీపులూ ఒకే చెట్టు కిందికి. ముప్పై దాకా లెక్కపెట్టాను. డీజిలు పొగలో నాకు కనబడింది కొమ్మ మీంచి వేలాడుతున్న తోక, అదీ చివరి జానెడు. మా ఆయన డ్రైవరు భుజం తట్టి, ‘వెనక్కి తియ్యి, పాపం దాన్ని పడుకోనీ’ అన్నారు. మిగతా పూటంతా మొసళ్లు, నెమళ్లు, ఎర్రకాళ్ల కొంగలు చూసుకుంటూ తిరిగాం, అదే బాగుంది. ఈ రద్దీ సంగతి ఆవిడకి తెలియదా? విల్పత్తు అనే ఇంకో అడవి ఉంది, యాలలోనే వేరే బ్లాకులున్నాయి. కనీసం చెప్పి ఉంటే మేం ఎంచుకునేవాళ్లం.

తిరుగుదారిలో ఉడవలవేలో తల్లుల్లేని గున్నల్ని పెంచే చోటికి తీసుకెళ్లారు. మూడు గంటలకోసారి గొట్టంతో పాలు పోస్తారు. మనం దూరంగా కూర్చుని చూడటమే, తాకనివ్వరు, పెరిగాక అడవిలోకి వదిలేస్తారు. పిన్నవల అనే ఏనుగుల అనాథశాల బదులు ఇది వేసింది కొలంబో ఆవిడే, మేం అడక్కుండానే.

ఇంటికొచ్చాక ఆవిడ మార్కులు అడిగింది. అమ్మాయి అయిదుకి నాలుగు ఇచ్చింది. అత్తయ్యకి వినబడి, ‘ఆ ఎండుచేపకి ఓ అర తీసెయ్యే’ అంది. మూడున్నర. కారణాలన్నీ, పైన రాసినవే, వాట్సాప్‌లో పంపాం. రాళ్ల దుకాణం గురించి క్షమాపణ చెప్పింది, యాల గురించి ఒప్పుకుంది, దంతపురం ఎక్కడో మ్యాపులో పంపమంది. పంపాం. అమ్మాయి పూరీ కూడా గుర్తు పెట్టి పంపింది, అదో తగాదా.

మొన్న మా ఆయన షాపుకొచ్చి, నేను ఎవరి దరఖాస్తో నింపుతుంటే పక్కన కూర్చుని, ‘ఫిబ్రవరిలో ఎంతవుతుందో అడుగు’ అన్నారు. అడిగాను. పది నిమిషాల్లో జవాబు. ‘రండి, మిరిస్సాలో సముద్రం అప్పుడు నెమ్మదిగా ఉంటుంది. కానీ ముందే చెబుతున్నాను, మిన్నేరియాలో ఆ మంద ఉండదు.’